పాలీహౌస్‌లో కీరదోస

వ్యవసాయమంటే ప్రకృతితో మానవుడు చేసుకున్న ఒప్పందం. దున్నడం, విత్తడం, కలుపు తీయడం మనిషి వంతు. వాన కురియడం, గాలి వీయడం, తేనెటీగ పూవునుండి పూవుకు పుప్పొడి మోయడం ప్రకృతి వంతు. వేల సంవత్సరాలుగా ఈ పని విభజన సాగుతూ వచ్చింది. అయితే ప్రకృతి తన వంతును అన్నివేళలా సక్రమంగా నెరవేర్చదు. వాన ఒకప్పుడు రాదు, ఒకప్పుడు అతిగా వస్తుంది. గాలితోపాటు తెగులు, తేనెటీగతోపాటు తెల్లదోమ కూడా వస్తాయి. ఈ అనిశ్చితిని భరించలేక మనిషి తన పంట చుట్టూ గోడ, పైన కప్పు కట్టుకొనే ప్రయత్నం చేశాడు. ఆ ప్రయత్నానికి నేటి రూపమే పాలీహౌస్. అందులో ఎక్కువగా పండించే కూరగాయలలో కీరదోస ఒకటి. ఈ సేద్యం ఎలా సాగుతుందో, అది రైతునుండి ఏమి కోరుతుందో తెలుసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇక్కడ కొద్ది దూరంలోనే రెండు భిన్నమైన భూభాగాలు కనిపిస్తాయి. దక్షిణాన కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు అందులో కలుస్తాయి. ఉప్పుటేరు ద్వారా ఆ నీరు సముద్రాన్ని చేరుతుంది. ఆ చుట్టుపక్కలవి పల్లపు నల్లరేగడి భూములు. అక్కడ వరి, చేపల చెరువులు ప్రధానం. ఉత్తరాన పెదవేగి, కామవరపుకోట, చింతలపూడి వైపు వెళ్ళే కొద్దీ నేల ఎత్తు పెరుగుతుంది. ఎర్రనేలలు, ఆయిల్‌పామ్, కోకో, కొబ్బరి తోటలు కనిపిస్తాయి. దీనినే ఇక్కడివారు మెట్టప్రాంతం అంటారు. తాడేపల్లిగూడెం సమీపంలోని వెంకట్రామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు ప్రత్యేక జిల్లా అయినప్పుడు తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉండిపోయింది. పాలనా సరిహద్దులు మారినా నేల స్వభావం మారదు కదా! పాలీహౌస్ వేయదలచినవాడు ముందుగా చూడవలసింది ఆ నేల స్వభావాన్నే. నీరు నిలిచే పల్లపు రేగడిలో కీరదోస వేరు కుళ్ళిపోతుంది. నీరు త్వరగా ఇంకే మెట్ట ఎర్రనేల దానికి అనువైనది.

కీరదోస గుమ్మడి కుటుంబానికి చెందిన తీగమొక్క. హిమాలయ పాదప్రాంతం దీని జన్మభూమి అని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. చేదుగా ఉండే దీని అడవి బంధువు ఇప్పటికీ అక్కడ పెరుగుతున్నది. మనం పప్పులోను, ఆవకాయలోను వాడే గుండ్రని పసుపు దోసకాయ పేరులో దీనికి తోబుట్టువే గాని, జాతిలో కర్బూజాకు దగ్గరిది. మృత్యుంజయ మంత్రంలోని ఉర్వారుకం ఈ రెండింటిలో ఏది అన్న విషయంలో పండితులలో భిన్నాభిప్రాయాలున్నవి. పండిన కాయ తొడిమనుండి తనంతట తాను విడివడడమే ఆ మంత్రంలోని ఉపమానం. పాలీహౌస్ కీరదోసకు ఆ పరిపక్వత ఏనాడూ రాదు. లేతగా, పచ్చగా, గింజ లేకుండా ఉన్నప్పుడే దానిని కోసివేస్తారు. అందులో దాదాపు 95 శాతం నీరే. అందువల్లనే ఎండకు వాడడంలోను, నీటిలోని ఉప్పుకు తల్లడిల్లడంలోను ఈ మొక్క మిక్కిలి సుకుమారమైనది.

పంటకు పైకప్పు వేయాలన్న ఆలోచన ఈనాటిది కాదు. క్రీస్తుశకం 14 నుండి 37 వరకు రోమును పాలించిన టైబీరియస్ చక్రవర్తికి ఈ జాతి కాయలంటే అమితమైన ప్రీతి. ఆయన కోసం తోటమాలులు చక్రాలు గల మళ్ళలో పాదులు పెంచి, ఎండలోకి తోసేవారనీ, చలిరోజులలో పారదర్శకమైన రాతిపలకల కిందికి చేర్చేవారనీ ప్లినీ అనే రచయిత రాశాడు. అది నేటి కీరదోస కాదనీ, కర్బూజా జాతికి చెందిన పొడవాటి దోస అనీ ఇటీవలి పరిశోధకులు తేల్చారు. ఆ తరువాత ఐరోపాలో గాజు ఇండ్లు వచ్చాయి. 1933లో ఇంగ్లండులో పాలిథీన్ ఆవిష్కృతమైనది. 1948లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎమరీ ఎమర్ట్ ఖరీదైన గాజుకు బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ పొరతో పంట ఇల్లు నిర్మించి చూపాడు. సంపన్నుల తోటలకే పరిమితమైన విద్య సామాన్య రైతుకు అందుబాటులోకి రావడానికి అదే నాంది.

అయితే ఒక తేడాను గమనించాలి. చలిదేశాలలో ఇటువంటి ఇల్లు వేడిని బంధించడానికి పుట్టింది. సూర్యకిరణాలు పొరగుండా లోపలికి వస్తాయి గాని, లోపలి వేడి అంత తేలికగా బయటికి పోదు. లడఖ్ వంటి ప్రదేశాలలో ఇది వరమే. ఏలూరులో మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. కీరదోసకు 25 నుండి 30 డిగ్రీల వేడి చాలు. 35 డిగ్రీలు దాటితే పూలు రాలుతాయి, కాయలు వంకర తిరుగుతాయి. కాబట్టి మన ప్రాంతంలో పాలీహౌస్ ప్రయోజనం వేడిని నిలపడం కాదు; వానను, పురుగును ఆపడం. లోపల చేరే వేడిని బయటికి పంపడమే ఇక్కడి నిర్మాణంలోని అసలు సమస్య. తడిపిన మెత్తలగుండా గాలిని పీల్చి చల్లబరచే పద్ధతి ఒకటి ఉన్నది. పొడి వాతావరణంలో అది బాగా పనిచేస్తుంది గాని, కోస్తాగాలిలో తేమ ముందే ఎక్కువ కనుక ఇక్కడ దాని ఫలితం తక్కువ. అందువల్ల సహజంగా గాలి ప్రసరించే పాలీహౌస్ మనకు తగినది.

దీని నిర్మాణం సరళమైనది. తుప్పు పట్టకుండా జింకుపూత పూసిన ఇనుపగొట్టాలతో చట్రం నిలుపుతారు. పైన 200 మైక్రాన్ల మందం గల పాలిథీన్ షీటు బిగిస్తారు. అతినీలలోహిత కిరణాలను తట్టుకొనే మందు కలిపిన షీటు ఇది. కప్పు ఎత్తు నడుమ 6 మీటర్లకు పైగా ఉంటుంది. వేడిగాలి తేలికై పైకి లేస్తుంది గనుక కప్పు శిఖరం వద్ద ఒక వైపు పొడవునా తెరపి వదులుతారు. పక్కల నుండి చల్లగాలి రావడానికి గోడలకు సన్నని వల కడతారు. తెల్లదోమ, తామరపురుగు దూరలేనంత సన్నగా ఆ వల ఉండాలి. ద్వారం వద్ద రెండు తలుపులుంటాయి. ఒకటి మూసిన తరువాతనే రెండవది తెరవాలి.

ఇంత కట్టుదిట్టం చేసినప్పుడు ఒక ప్రశ్న తలెత్తుతుంది. తెల్లదోమకే ప్రవేశం లేని ఇంటిలోకి తేనెటీగ ఎలా వస్తుంది? అది రాకపోతే కాయ ఎలా కాస్తుంది? సాధారణ కీరదోస తీగకు మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. మగపూవులోని పుప్పొడి ఆడపూవును చేరితేనే పిందె నిలుస్తుంది. పొలంలో ఆ పని తేనెటీగ చేస్తుంది. ఈ మెట్టప్రాంతంలోనే మరొక దృష్టాంతం ఉన్నది. ఆయిల్‌పామ్ మన దేశానికి వచ్చిన తొలినాళ్ళలో గెలలు సరిగా కట్టేవి కావు. ఆఫ్రికా మూలం గల ఒక చిన్న ముక్కుపురుగును 1980ల నడుమ మన దేశానికి తెచ్చి తోటలలో వదలిన తరువాతనే పరాగసంపర్కం చక్కబడింది. అక్కడ కీటకాన్ని వెదకి తెచ్చుకున్నారు. ఇక్కడ కీటకాన్ని బయటికి పంపించారు. పంపించిన తరువాత ఆ కీటకం చేసే పనికి మరొక మార్గం చూడవలసి వచ్చింది.

ఆ మార్గం విత్తనంలో దొరికింది. ఫలదీకరణం జరగకుండానే అండాశయం కాయగా ఎదగడాన్ని అనిషేక ఫలనం అంటారు. అరటిపండులో మనం రోజూ చూసే లక్షణమే ఇది. కీరదోసలో ఈ లక్షణం గల రకాలను ఎంపిక చేశారు. దీనికి మరొక గుణాన్ని జోడించారు. కొన్ని తీగలకు పూసేవన్నీ ఆడపూలే. కొరియానుండి వచ్చిన ఒక రకంలో కనిపించిన ఈ గుణాన్ని స్థిరపరచి, అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం 1960లో ఒక ఆడపూల వంశాన్ని విడుదల చేసింది. ప్రతి కణుపు వద్ద ఆడపూవే పూస్తే ప్రతి కణుపు వద్ద కాయ కాసే అవకాశం ఉంటుంది. ఈ రెండు గుణాలు కలిసిన సంకరవంగడాలే నేడు పాలీహౌస్‌లలో పండుతున్న గింజలేని కీరదోసలు. ఇక్కడ ఒక విచిత్రం జరుగుతుంది. వల చిరిగి తేనెటీగ ఒకటి బయటి పుప్పొడితో లోపలికి వచ్చిందంటే కాయలో గింజ పడుతుంది. గింజ పడిన చోట ఉబ్బి, కాయ ఆకారం చెడుతుంది. బయటి పొలంలో రైతుకు పరమమిత్రమైన తేనెటీగ ఈ ఇంటిలో అనాహూత అతిథి అవుతుంది.

మగపూవే లేని తీగ వంశం ఎలా నిలుస్తుందని విద్యార్థులకు సందేహం కలగవచ్చు. మొక్కలో ఇథిలీన్ అనే వాయు హార్మోను ఆడపూలను ప్రోత్సహిస్తుంది. వెండి లవణాల ద్రావణాన్ని లేతమొక్కపై చల్లితే ఇథిలీన్ ప్రభావం తాత్కాలికంగా ఆగిపోయి మగపూలు పూస్తాయి. ఆ పుప్పొడితో విత్తనం తయారు చేస్తారు. మన దేశంలో భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఆడపూల వంశాన్ని తల్లిగా తీసుకొని 1970ల తొలినాళ్ళలోనే ‘పూసా సంయోగ్’ అనే సంకర కీరదోసను అందించింది. అది బయటి పొలాలకు ఉద్దేశించినది. పాలీహౌస్‌లకు తగిన గింజలేని ‘పూసా సీడ్‌లెస్ కుకుంబర్-6’ అనే రకాన్ని కూడా ఆ సంస్థే ఇటీవలి కాలంలో రూపొందించింది.

ఇక సాగు పద్ధతిని చూద్దాం. గింజను నేరుగా నేలలో నాటరు. గుంటలు గల ప్లాస్టిక్ ట్రేలలో శుద్ధిచేసిన కొబ్బరిపొట్టు నింపి, గుంటకొక గింజ వేస్తారు. మూడు నాలుగు రోజులలో మొలక వస్తుంది. రెండు వారాలకు రెండు మూడు ఆకులు తొడిగిన నారును ఎత్తైన మళ్ళలో నాటుతారు. మడి వెడల్పు సుమారు ఒక మీటరు. దాని మీద రెండు వరుసలు. మడిపై వెండిరంగు మల్చింగ్ షీటు పరచి, దాని కింద డ్రిప్ గొట్టాలు అమరుస్తారు. చదరపు మీటరుకు రెండు మూడు మొక్కల చొప్పున 4000 చదరపు మీటర్లలో, అంటే దాదాపు ఎకరంలో, 10,000 మొక్కలు పడతాయి.

తీగ నేలమీద పాకరాదు. పైనున్న తీగెనుండి వేలాడే దారానికి కాండాన్ని చుట్టి నిలువుగా ఎక్కిస్తారు. మొదటి అరమీటరు ఎత్తు వరకు పక్కకొమ్మలను, పిందెలను తీసివేస్తారు. వేరు, కాండం బలపడనిదే కాయభారం మోయలేవు. తీగ తలపై ఉన్న తీగెను చేరిన తరువాత కొనను తుంచి, రెండు పక్కకొమ్మలను గొడుగులా కిందికి వదులుతారు. విత్తిన 40 రోజులకు అటూ ఇటూగా కాపు మొదలవుతుంది. అక్కడి నుండి సుమారు రెండు నెలలపాటు రోజు విడిచి రోజు కోయాలి. కాయను ఒక్కరోజు ఎక్కువగా తీగకు వదిలితే తరువాతి పిందెల ఎదుగుదల తగ్గుతుంది. పోషణ చక్కగా ఉంటే మొక్కకు మూడు నాలుగు కిలోల చొప్పున ఎకరానికి 30 నుండి 40 టన్నుల దిగుబడి సాధ్యమే.

వానను ఆపినవాడు వాన పనిని తానే చేయాలి. ఎదిగిన కీరదోస మొక్కకు రోజుకు సుమారు రెండు లీటర్ల నీరు కావాలి. 10,000 మొక్కలకు 20,000 లీటర్లు. వంద రోజుల పంటకు 20 లక్షల లీటర్లు. ఈ నీటిని ఎరువులతో కలిపి డ్రిప్ ద్వారా కొద్దికొద్దిగా అందిస్తారు. కొల్లేరు పరిసరాలలో చాలాచోట్ల భూగర్భజలంలో ఉప్పు ఉంటుంది. ఎరువు కూడా ఒక లవణమే. ఉప్పునీటిలో ఎరువు కలిపితే వేరు నీటిని పీల్చలేక మొక్క దాహంతోనే వాడిపోతుంది. అందుచేత ఇల్లు కట్టకముందే నీటిని పరీక్ష చేయించడం అవసరం. ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. 4000 చదరపు మీటర్ల కప్పుపై పడే ఆ వాన లెక్కకు 40 లక్షల లీటర్లు. అంటే రెండు పంటల నీరు. కప్పు అంచున కాలువ అమర్చి, షీటు పరచిన గుంటలో ఈ నీటిని దాచుకుంటే, ఇగిరిపోయేది పోగా మిగిలినది ఉప్పులేని మేలైన నీరు. తన కప్పు ఆపిన వాననే మళ్ళీ మొక్కకు ఇవ్వడం వివేకవంతుని లక్షణం.

వానకంటె కఠినమైన సమస్య నేలది. బయటి పొలంలో పంట మార్పిడి జరుగుతుంది. వరి తరువాత మినుము, మినుము తరువాత మరొకటి. వాననీరు నిలిచి కొన్ని పురుగులను చంపుతుంది. పాలీహౌస్‌లో ఏడాదికి రెండు మూడుసార్లు ఒకే పంట వేస్తే, వేరులో బుడిపెలు కట్టించే నులిపురుగులు విపరీతంగా పెరుగుతాయి. కంటికి కనిపించని ఈ పురుగులవల్ల కళకళలాడిన తీగ మధ్యాహ్నం వేళ తలవాల్చడం ప్రారంభిస్తుంది. మన దేశంలో పాలీహౌస్ సేద్యానికి ప్రధాన శత్రువులలో ఇదొకటి. దీనికి మన వేసవియే ఒక ఔషధం. ఏప్రిల్, మే నెలలలో ఇంటిని ఖాళీ చేసి, మళ్ళను తడిపి, వాటిపై పలుచని పారదర్శక షీటు కప్పి నాలుగైదు వారాలు ఉంచితే నేలలోని వేడికి నులిపురుగులు, శిలీంధ్రాలు చాలావరకు నశిస్తాయి. బంతిని మధ్యలో పంటగా వేయడం, వేపపిండి కలపడం కూడా మేలు చేస్తాయి. ఆకులపై వచ్చే బూజు తెగులుకు కారణం లోపల చేరే తేమ. తెల్లవారుజామున షీటు అడుగున నీటిబొట్లు కట్టి ఆకులపై రాలుతాయి. పొద్దున్నే పక్కతెరలు ఎత్తి ఆ తేమను పోనివ్వాలి. మందు చల్లవలసి వస్తే, చల్లిన తరువాత నిర్దేశించిన రోజులు గడిచే వరకు కాయ కోయరాదు. కీరదోసను మనం ఉడికించకుండా తింటాము. రోజు విడిచి రోజు కోయవలసిన పంటలో ఈ నియమాన్ని పాటించడం కష్టమే అయినా, దానిని తప్పించుకొనే హక్కు ఎవరికీ లేదు.

ఇక ఖర్చు సంగతి. 2014–15లో కేంద్రం ప్రారంభించిన సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ తొలి నిబంధనలలో, సహజంగా గాలి ప్రసరించే పెద్ద పాలీహౌస్‌కు చదరపు మీటరుకు 844 రూపాయల వ్యయం అంచనా వేశారు. 4000 చదరపు మీటర్లకు అది 33 లక్షల 76 వేల రూపాయలు. అందులో సగం రాయితీ. మిగిలిన 16 లక్షల 88 వేలు రైతు భరించవలసిందే. విత్తనం, ఎరువు, కూలి దీనికి అదనం. తెలంగాణ ఏర్పడిన తరువాత అక్కడి ప్రభుత్వం 75 శాతం వరకు రాయితీ ఇచ్చింది. రాయితీ ఎంతైనా మిగిలిన భాగం సాధారణంగా అప్పే. ఆ అప్పు మీద కప్పిన పలుచని పొర మన తీరప్రాంతపు గాలిని ఎదుర్కోవాలి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలోను, 2025 అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం సమీపంలోను తీరం దాటాయి. ఎటువంటి ఇబ్బంది లేకపోయినా మూడు నుండి ఐదేళ్ళకు ఒకసారి షీటు మార్చాలి. బలమైన పునాది, గాలివాటున ఎత్తైన చెట్ల వరుస, పంట బీమా అనేవి అలంకారాలు కావు. మార్కెట్టును కూడా ముందుగానే చూసుకోవాలి. కీరదోస వారం రోజులకు మించి తాజాగా నిలవదు. పదిమంది ఒకే నెలలో పండిస్తే ధర పడిపోతుంది. వర్షాలవల్ల బయటి పంట దెబ్బతినే కాలంలో తన కాయ మార్కెట్టుకు చేరేటట్లు నాటువేళను నిర్ణయించుకున్నవాడే నిలదొక్కుకుంటాడు.

మరొక అంశం ఆలోచింపదగినది. మన పూర్వులు పాదున ఒక మంచికాయను పండబెట్టి, గింజలను బూడిదతో కలిపి ఆరబెట్టి, వచ్చే ఏటికి దాచుకొనేవారు. 2001లో వచ్చిన మొక్కల వంగడాల రక్షణ, రైతుల హక్కుల చట్టం రైతు తన విత్తనాన్ని దాచుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును గుర్తించింది. గింజలేని కాయనుండి దాచుకోవడానికి ఏమున్నది? ప్రతి పంటకూ 10,000 గింజలు లెక్కపెట్టి కొనవలసిందే. చట్టం ఇచ్చిన హక్కు ఈ కప్పు కింద వినియోగానికి రాదు. అందువల్లనే ప్రభుత్వ పరిశోధన సంస్థలు ఇటువంటి రకాలను స్వయంగా రూపొందించి తక్కువ ధరకు అందించడం ఎంతో ముఖ్యం. మరొకవైపు, పెరటి పాదును, దాని నాటువిత్తనాన్ని కాపాడుకోవడం కూడా అంతే ముఖ్యం.

ప్రకృతికి గట్టు కట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కొల్లేటిలో చేపల చెరువుల కోసం గట్లు వేశారు. కొంతకాలం లాభాలు వచ్చాయి గాని, నీరు పారే దారులు మూసుకుపోయాయి. పక్షుల ఆవాసం తగ్గింది. చివరకు 2006లో ఐదవ కాంటూరు లోపలి చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించవలసి వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ వరద చేరవలసిన చోటు కూడా కొల్లేరే. ఏరు తన పాత దారిని మరచిపోదు. పాలీహౌస్ అంత పెద్ద నిర్మాణం కాదు. కాని అందులోని నియమం అదే. వానను ఆపితే నీరు మనం పోయాలి. తేనెటీగను ఆపితే ఆ లోటు తీర్చే విత్తనం మనం తేవాలి. పంట మార్పిడిని ఆపితే నేల ఆరోగ్యం మనం చూడాలి. చిరిగిన షీటును కాలువ గట్టున పారవేయక తిరిగి వాడకానికి పంపే బాధ్యత కూడా మనదే.

ఈ బాధ్యతలను ముందుగా లెక్కవేసుకొని, నేలను, నీటిని, మార్కెట్టును పరీక్షించి ప్రారంభించిన రైతుకు పాలీహౌస్ తక్కువ భూమిలో, తక్కువ నీటితో ఎక్కువ పంటనిచ్చే సాధనం. రాయితీని మాత్రమే చూసి ప్రారంభించినవానికి అది ఎండలో మెరిసే అప్పు. రేపు మీలో కొందరు ఉద్యాన శాస్త్రం చదువుతారు, కొందరు తండ్రితాతల పొలాన్ని అందుకుంటారు. ఎవరైనా ఒక కొత్త పద్ధతిని మీ ముందు ఉంచినప్పుడు, అది ఎంత ఇస్తుందని అడగడంతోపాటు, ఇంతవరకు ప్రకృతి ఉచితంగా చేసిన ఏ పనిని అది మన భుజాన వేస్తున్నదని కూడా అడగండి. ఆ రెండవ ప్రశ్నకు సమాధానం తెలిసినవాడే నిజమైన సేద్యగాడు.